కనుబొమలు మరల మొలచును

(తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరము ఈ సమావేశమున నేను పిల్లల హాజరును గూర్చియు, పరీక్షలను గూర్చియు, ఇంట తెలుగు మాటలాడవలసిన ఆవశ్యకతను గూర్చియు చెప్పుచుందును. ఈ యేడు ఆ విషయములను నా సహోపాధ్యాయులకు విడిచి, కొందరికి వింతగా తోచగల ఒక చిన్న విషయమును ఎన్నుకొంటిని. క్యాన్సరునకు కీమోథెరపీ యను మందుల చికిత్స పొందినవారి కనుబొమలు, రెప్పవెండ్రుకలు రాలిపోవుట, అవి మరల మొలచుట – ఇదియే ఆ విషయము. ప్రధానోపాధ్యాయునకు దీనితో నేమి పని యని మీరడుగవచ్చును. పని కలదు.

మన బడి ఉపాధ్యాయిని యొకరు 2024 ఆగష్టులో ఈ చికిత్స ఆరంభించి, 2025 జనవరిలో ముగించుకొని, వైద్యుల అనుమతితో ఫిబ్రవరిలో తరగతికి తిరిగి వచ్చిరి. వారి సమ్మతి పొందియే ఈ మాట చెప్పుచున్నాను. తలకు నూలువస్త్రము చుట్టుకొని, ఎప్పటివలెనే వేళకు వచ్చి పాఠము చెప్పిరి. కాని ముఖమున కనుబొమలు లేవు. రెప్పలకు వెండ్రుకలు లేవు. చిన్న తరగతి పిల్లవాడొకడు వారినే చూచి, "మీరు కొత్త టీచరుగారా?" అని అడిగెను. ఆ వారములోనే మూడు కుటుంబములవారు నా గదికి వచ్చి తమ బిడ్డలను వేరొక విభాగమునకు మార్పుమని కోరిరి. ఒకరు అంటుకొను వ్యాధి యేమో యని భయపడిరి. ఒకరు ఉదయముననే అట్టి ముఖము చూచుట మంచిది కాదనిరి. మూడవవారు కారణము చెప్పలేదు. నేనెవ్వరిని మార్పలేదు. జూన్‌లో బడి తెరచునప్పటికి ఆ ఉపాధ్యాయినికి కనుబొమలు వచ్చినవి. ఆ మాట మరల నెవ్వరును ఎత్తలేదు.

అంతటితో ముగిసిన నేను నేడు మాటలాడకయే పోదును. ముగియలేదు. ఇప్పుడు మన బడిలో ఒక బిడ్డ తల్లి అదే చికిత్సలో నున్నారు. సాయంకాలము బిడ్డ కొరకు గేటు వద్దకు వచ్చుట ఆమె మానుకొనిరి. నడచు శక్తి లేక కాదు, చూపులకు తాళలేక. ఆ బిడ్డను తోటిపిల్లలు "మీ అమ్మకేమైనది?" అని అడుగుచున్నారు. బిడ్డ బదులు చెప్పలేక ఊరకుండుచున్నది. ఆ బదులు మన పెద్దలకు తెలిసియుండిన, పిల్లలు ఆ ప్రశ్నను ఆ బిడ్డను కాక మనలను అడిగెదరు.

మన సమాజమున గుండుతల వింత కాదు. తిరుపతికిగాని, తిరుత్తణికిగాని, పళనికిగాని వెళ్లివచ్చిన ఇంట తండ్రి, కొడుకు, ఒక్కొక్కప్పుడు తల్లియు గుండుతో వత్తురు. "మొక్కు తీరినదా?" అని పలుకరించుటయే గాని కారణమెవ్వరును అడుగరు. కనుబొమలకు అట్టి మొక్కు లేదు. కావున కనుబొమలు లేని ముఖము చూచినవాడు ఒక్క క్షణము తెల్లబోవును. ఆ తెల్లబోవుట చూచి ఎదుటివారు తల వంచుకొందురు.

ఇది మన పిల్లల దోషము కాదు. 2003లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు ఒక ప్రయోగమును ప్రకటించిరి. ప్రఖ్యాతుల ఛాయాచిత్రములు కొన్నిటిలో కన్నులను, కొన్నిటిలో కనుబొమలను చెరిపివేసి, అది యెవరో చెప్పుడని జనులను అడిగిరి. కన్నులు లేని ముఖములకంటె కనుబొమలు లేని ముఖములను గుర్తించుటయే వారికి కష్టమైనది. ఒక మనిషిని ఆ మనిషిగా మనకు చూపునవి కనుబొమలు. కోపము, ఆశ్చర్యము, సందేహము, నవ్వు – అన్నియు వాటి కదలికలోనే తెలియును. "కొత్త టీచరుగారా?" అని యడిగిన పిల్లవాడు అల్లరివాడు కాడు, నిజముగానే గుర్తింపలేకపోయెను.

ఇక ఈ వెండ్రుకలు ఏల రాలునో చూతము. మన పెద్దలు రాచకురుపు అనిన వ్యాధిని నేడు క్యాన్సరు అనుచున్నాము. దేహములోని కొన్ని కణములు అదుపు తప్పి ఎడతెగక విభజన చెందుటయే ఆ వ్యాధి. కీమోథెరపీ మందులలో పెక్కింటి పని త్వరత్వరగా విభజన చెందు కణములను నాశనము చేయుట. కాని ఆరోగ్యముగా నుండియు త్వరగా విభజన చెందు కణములు మన దేహమున కొన్ని కలవు. నోటి లోపలి పొర, ప్రేగుల లోపలి పొర, ఎముకల మూలుగలో నెత్తురును తయారుచేయు కణములు, వెండ్రుకల కుదుళ్లలోని కణములు అట్టివి. ఇది పగ, ఇది తోడు అను వివేకము మందునకు లేదు. అందుచేత నోరు పూయుట, వాంతులు, నీరసము, వెండ్రుకలు రాలుట కలుగును.

అయితే చెరకు నరికినను భూమిలోని దుబ్బు చావక మరల పిలక వేయునట్లు, వెండ్రుక రాలినను కుదురు సాధారణముగా చావదు. మందు నిలిచిన పిదప అది మరల పనిచేయ మొదలిడును.

తలవెండ్రుకలకును, కనుబొమలు రెప్పవెండ్రుకలకును ఇచ్చట ఒక భేదము కలదు. దానిని తెలిసికొనిన పెక్కు భయములు తొలగును. ప్రతి వెండ్రుకకు పెరుగుదశ, స్వల్పకాలపు మార్పుదశ, విశ్రాంతిదశ అని మూడు దశలు. తలవెండ్రుక పెరుగుదశ 2 మొదలు 6 సంవత్సరములు. ఏ సమయమున చూచినను తలపై నూటికి 85 మొదలు 90 వెండ్రుకలు పెరుగుదశలోనే యుండును. కావున మందు దెబ్బ దాదాపు అన్నిటికి ఒక్కమారుగా తగులును. మొదటి మోతాదు ఇచ్చిన రెండు మూడు వారములకే తల రాల మొదలిడును. రెప్పవెండ్రుకల పెరుగుదశ కొలది వారములు మాత్రమే. వాటిలో ఒక సమయమున పెరుగుచున్నవి సగమునకు తక్కువ. కనుబొమలదియు ఇంచుమించు అట్టి స్వభావమే. కావున ఇవి ఆలస్యముగా, కొంచెము కొంచెముగా రాలును. కొందరికి చికిత్స చివరి భాగమున, మరికొందరికి చివరి మోతాదు గడచిన కొన్ని వారములకు రాలును.

అనగా, చికిత్స ముగిసినదని ఇంటిల్లిపాది సంతోషించు సమయముననే అద్దములో ఈ క్రొత్త నష్టము కనబడును. రోగము తిరుగబెట్టినదని కొందరు కుమిలిపోవుదురు. అది సరికాదు. వెనుక పడిన దెబ్బకు ఇప్పుడు ఫలము కనబడుచున్నది, అంతియే. వేరొక అపోహయు కలదు. వెండ్రుకలు రాలినగాని మందు పనిచేయుట లేదని కొందరు తలంతురు. అదియు పొరపాటే. కొన్ని మందులు వెండ్రుకలను ఎక్కువగా రాల్చును, కొన్ని పలుచన చేయును, కొన్ని ముట్టవు. వ్యాధి తగ్గుటకు వెండ్రుక కొలబద్ద కాదు.

మరల మొలచు క్రమము వినుడు. చివరి మోతాదు ఇచ్చిన నెల రెండు నెలలలో నూగువంటి మొలకలు కానవచ్చును. రెప్పవెండ్రుక పూర్తి నిడివియే దాదాపు ఒక సెంటీమీటరు గనుక, తలజడ రావలసినంత కాలము దీనికి పట్టదు. మూడు మొదలు ఆరు నెలలలో చాలమందికి కనుబొమలును రెప్పవెండ్రుకలును ఇంచుమించు పూర్వస్థితికి వచ్చును. మొదట పలుచగా, రంగు తక్కువగా రావచ్చును. తలవెండ్రుక పూర్వము తిన్నగా నుండినవారికి కొంతకాలము ఉంగరములు తిరిగి రావచ్చును.

ఒక విశేషము మాత్రము ముందుగా చెప్పవలెను. కొందరికి మొలచిన రెప్పవెండ్రుకలు కొన్ని నెలలకు మరల ఒకమారు రాలును. మామూలుగా ఒక్కొక్క వెండ్రుక ఒక్కొక్క కాలమున మొలచి రాలుచుండుటచే మనకు తెలియదు. చికిత్స పిదప అన్నియు కలిసి మొలచినవి గనుక కలిసియే విశ్రాంతిదశకు చేరును. ఒకే దినమున నాటిన నారు ఒకే వారమున కోతకు వచ్చినట్లు ఇది. అవి మరల మొలచును; క్రమముగా ఎవరి వరుస వారికి కుదురును.

అందరికి ఇట్లే జరుగునని నేననను. ఆరు నెలలు గడచినను మొలక లేనిచో వైద్యునకు చెప్పవలెను. థైరాయిడు దోషముచేతగాని, ఇనుము లోపముచేతగాని ఆలస్యము కావచ్చును. అవి పరీక్షలో తెలియును. రొమ్ము క్యాన్సరునకు తరువాత సంవత్సరముల తరబడి ఇచ్చు హార్మోను మాత్రలు కొందరికి వెండ్రుకలను పలుచన చేయును. డోసిటాక్సెల్ వంటి మందుల వలన కొలదిమందికి వెండ్రుకలు పూర్తిగా రాకపోవుటయు కలదు. వికిరణ చికిత్స యందైతే కిరణములు పడిన చోటనే వెండ్రుకలు రాలును. అచ్చట మరల వచ్చుట కిరణముల మోతాదును బట్టి యుండును.

రెప్పవెండ్రుకలు అందమునకే కాదు. 2015లో అమెరికాలోని జార్జియా సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు 22 జాతుల జంతువులను పరిశీలించి, వాటి రెప్పవెండ్రుకల నిడివి కంటి వెడల్పులో సుమారు మూడవవంతు ఉండునని ప్రకటించిరి. ఆ కొలత యున్నప్పుడు కంటిపై గాలి ఒరిపిడి తగ్గి, తడి ఆరుట తగ్గి, దుమ్ము తక్కువగా పడునని గాలి గొట్టమున ప్రయోగించి చూపిరి. కనుబొమలు నుదుటి చెమటను కంటిలో పడనీయక ప్రక్కకు మళ్లించును. మన చెన్నపట్టణపు మే నెల ఎండలో, వీథి దుమ్ములో ఇవి లేనివారి కన్నులు మండి నీరు కారుటలో ఆశ్చర్యమేమి? చూచువారు "ఏడ్చుచున్నది" అనుకొందురు. ఏడ్పు కాదు, దుమ్ము.

కావున మన యింటివారెవరైనను ఈ చికిత్సలో నున్నచో కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. బయటికి పోవునప్పుడు కంటియద్దములు పెట్టుకొనవలెను. పవరు లేనివైనను సరియే. అవి దుమ్మును ఆపును. కనుబొమలు లేని లోటును కొంత కప్పిపుచ్చును. కంటిని నలుపరాదు. కన్ను ఎండినట్లుండిన వైద్యుడు చెప్పిన చుక్కలమందు వాడవలెను. కనుబొమ పెన్సిలుతో దిద్దుకొనదలచినవారు చికిత్సకు ముందే తమ ముఖమును ఛాయాచిత్రము తీసియుంచుకొనిన, కనుబొమ ఎచ్చట మొదలై ఎచ్చట వంగినదో తెలియును. పెన్సిలు క్రొత్తదై యుండవలెను. ఒకరిది మరియొకరు వాడరాదు. చికిత్స కాలమున నెత్తురులోని తెల్లకణములు తగ్గుటచే చిన్న అంటుయు పెద్దది కాగలదు. అందుచేత పాత కాటుక భరిణను ఆ దినములలో ప్రక్కన పెట్టుడు. కనుబొమలకు పచ్చ పొడిపించుకొనుటయు ఆ దినములలో తగదు. అతికించుకొను రెప్పవెండ్రుకల జిగురు కొందరికి పడదు. అది ఊడునప్పుడు క్రొత్త మొలకలనుకూడ లాగును.

ఇక మందులు. మన యిండ్లలో ప్రతివారును మొదట చెప్పునది ఆముదము. ఆముదము చర్మమును మెత్తగా ఉంచును; వెండ్రుకను మొలిపించునని ఋజువు లేదు. కంటిలో పడిన మండును. కుదురు మేల్కొను వేళ వచ్చినప్పుడు వెండ్రుక మొలచును. ఆ గౌరవము ఆ నెలలో ఏ నూనె రాచితిమో దానికి దక్కును! బిమటోప్రాస్ట్ అను మందు మొదట కంటిలోని నీటి ఒత్తిడి వ్యాధికి చుక్కలుగా వాడబడినది. వాడినవారి రెప్పవెండ్రుకలు పొడుగగుట చూచి, 2008లో అమెరికా ప్రభుత్వము దానిని రెప్పవెండ్రుకల కొరకును అనుమతించెను. కీమోథెరపీ పిదప అది మేలు చేయునని పరిశోధనలు చూపినవి. కాని కన్ను ఎర్రబారుట, రెప్ప నల్లబడుట, కొందరికి కంటిపాప చుట్టు రంగు శాశ్వతముగా మారుట వంటి దోషములు దానికి కలవు. వైద్యుని మాట లేక కొనరాదు. చికిత్స సమయమున తలను చల్లబరచు టోపీ తలవెండ్రుకలను కొంతవరకు కాపాడునేగాని, కనుబొమలకు రెప్పలకు దాని రక్షణ అందదు. చాలమందికి కావలసిన అసలు మందు ఓపికయే.

ఓపిక రోగి పట్టవలెను, నిజమే. కాని చుట్టునున్నవారు మర్యాద చూపినగాని ఆ ఓపిక నిలువదు.

ఈ మందుల చరిత్రలో మన తెలుగువాడొకడు కలడని మీ పిల్లలకు చెప్పుడు. 1895లో భీమవరమున పుట్టి, మెట్రిక్యులేషను రెండుమార్లు తప్పి, మూడవమారు ఈ పట్టణముననే తిరువళ్లిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాలనుండి కృతార్థుడైన యెల్లాప్రగడ సుబ్బారావుగారు ఇచ్చటి వైద్యకళాశాలలో చదివి, అమెరికాకు పోయిరి. కణములు పెరుగుటకు ఫోలిక్ ఆమ్లమను విటమిను అవసరము. దానిని పోలియుండియు దాని పనిని అడ్డగించు రసాయనములను లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందము తయారుచేసినది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు నెత్తురు క్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి, కొందరికి వ్యాధి తాత్కాలికముగా అణగుట చూచి 1948లో ప్రకటించెను. ఆ సంవత్సరముననే సుబ్బారావుగారు మరణించిరి. ఆ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. నాడు ఆ వ్యాధి సోకిన బిడ్డ కొన్ని వారములో, నెలలో బ్రదుకును. నేడు మంచి వసతులు గల ఆసుపత్రులలో పదిమందిలో ఎనమండుగురికి పైగా బ్రదుకుచున్నారు. ఇదే పట్టణమున డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు తన చెల్లెలిని క్యాన్సరు పొట్టనబెట్టుకొనిన దుఃఖమును మరువక, 1954లో అడయారున క్యాన్సరు సంస్థను నెలకొల్పిరి. ఇట్టి ఊరిలో నుండి ఈ వ్యాధి పేరును గుసగుసలాడుట మనకు తగదు.

కావున తల్లిదండ్రులారా, మిమ్ము మూడు సంగతులు కోరుచున్నాను.

మొదటిది, ఈ రాత్రియే మీ పిల్లలకు చెప్పుడు: క్యాన్సరు ప్రక్కన కూర్చుండుటచే అంటుకొనదు, కలిసి తినుటచే అంటుకొనదు. వెండ్రుకలు రాలినది మందువలన. మందు ముగిసిన మరల వచ్చును. ఏడేండ్ల బిడ్డకు ఈ మాత్రము చాలును.

రెండవది, అంటు భయము నిజముగా ఉండవలసినది తారుమారుగా. చికిత్సలో నున్నవారివలన మన పిల్లలకు ఏమియు రాదు. మన పిల్లల జ్వరము, జలుబు, ఆటలమ్మ వారికి ప్రాణాపాయము తేగలవు. బిడ్డకు జ్వరమున్నప్పుడు, ఆటలమ్మ పోసినప్పుడు బడికి పంపకుడు. మాకు కబురు చేయుడు. హాజరు తగ్గునని భయపడకుడు. ఆ దినములను నేను లెక్కలోనికి తీసికొనను.

మూడవది, శకునము మాట. తెల్లవారి లేచి, చేతినుండి సూది తీసికొని, మంచమునుండి దిగి, పిల్లలకు పాఠము చెప్ప వచ్చిన మనిషి ముఖముకంటె మంచి శకునమును నా ముప్పది యేండ్ల ఉద్యోగమున నేను చూడలేదు. ఆమె ఎదురువచ్చిన ప్రక్కకు తొలగకుడు, "బాగున్నారా అమ్మా?" అనుడు. కనుబొమల వైపు చూడక కన్నులలోనికి చూచి మాటలాడుడు. ఏమి మందు, ఎంత ఖర్చు, ఎప్పుడు మొలచును అని వీథిలో ప్రశ్నింపకుడు. చేతనైన, ఒకపూట వారి బిడ్డకు కూడ కారియరు పంపుడు.

కంటికి రెప్పవలె కాపాడుట యని మనము ఊరక అనుచుందుము. ఆ రెప్పకే కొన్నాళ్లు కాపు లేనప్పుడు కాపాడవలసినది చుట్టునున్న మనము.

ఆ తల్లి నేడు ఈ సభలో లేరు. ఈ ప్రసంగము మన వార్షిక సంచికలో అచ్చుపడి, ఆ బిడ్డ సంచిలో వారి యింటికి చేరును. కావున ఆమెకుకూడ ఒక్క మాట. అమ్మా, సాయంకాలము నాలుగు గంటలకు గేటు వద్ద మీ బిడ్డ మీకొరకు చూచుచుండును. కనుబొమలు వచ్చువరకు ఆగనక్కరలేదు. అవి వాటి వేళకు వచ్చును. మీరు రండు.